ఎరుపు పోయింది, తామర పోలేదు

పిల్లాడి నడుము మీదో తొడ మీదో రూపాయి బిళ్లంత ఎర్రటి వలయం కనిపిస్తుంది. దురద పెడుతుంటే గోకుతుంటాడు. ఆ తర్వాత మన ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. ఎవరో ఒకరు వీధి చివర మెడికల్ షాపుకు వెళ్లి తామరకు ట్యూబు ఇమ్మని అడుగుతారు. షాపులో ఇచ్చింది రాస్తే రెండు రోజుల్లో దురద, వారంలోపే ఎరుపు మాయమవుతాయి. మందు భలే పనిచేసిందనుకుని ట్యూబును ఫ్రిజ్ మీద పెట్టేస్తారు. కొద్ది రోజులకే వలయం మళ్లీ వస్తుంది, ఈసారి రెండు చోట్ల. మళ్లీ అదే ట్యూబు. నెల తిరిగేసరికి చెల్లెలి మెడ మీద కూడా ఒకటి తేలుతుంది.

మందు పనిచేసిన మాట నిజమే. కానీ అది పనిచేసింది పిల్లాడి ఒంటి మీద, ఫంగస్ మీద కాదు. పిల్లల ఫంగస్ చికిత్సలో ఉన్న చిక్కులో సగం ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లే వస్తోంది.

తామర తెచ్చే ఫంగస్‌లను డెర్మటోఫైట్లు అంటారు. వీటి తిండి కెరటిన్. చర్మం పైపొరలోను, వెంట్రుకల్లోను, గోళ్లలోను ఉండే ప్రొటీన్ అది. ఈ ఫంగస్ చర్మం పైనున్న మృతకణాల పొరలోనే కాపురం పెడుతుంది, లోపలి సజీవ కణాల జోలికి సాధారణంగా పోదు. మరి ఎరుపు, పొట్టు, దురద ఎక్కడివి? అవన్నీ మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని తరిమికొట్టడానికి చేసే ప్రయత్నాలు. ఎండుగడ్డికి అంటుకున్న నిప్పు మధ్యలో ఆరిపోతూ అంచుల వెంట పాకినట్టు, ఫంగస్ దెబ్బతిన్న చోటు వదిలి కొత్త చర్మం వైపు జరుగుతూ పోతుంది. వలయం మధ్యలో చర్మం మామూలుగా కనిపించడం, అంచు మాత్రం ఉబ్బెత్తుగా పొలుసులు కట్టి ఉండటం అందువల్లే.

ఇప్పుడు దాని మీద స్టెరాయిడ్ కలిసిన క్రీము రాశామనుకుందాం. స్టెరాయిడ్ చేసే పనే రోగనిరోధక స్పందనను అణచడం. ఎరుపు తగ్గుతుంది, దురద ఆగుతుంది. ఎదురులేని ఫంగస్ మాత్రం నింపాదిగా విస్తరిస్తుంది. క్రీము మానగానే శరీరం మళ్లీ దాన్ని గుర్తించి, అంతకు ముందుకన్నా పెద్ద మేర ఎర్రబడుతుంది. కొన్ని వారాలు ఇలా సాగితే వలయం ఆకారమే చెదిరిపోతుంది. అంచులు చెరిగి, వలయంలో వలయం ఏర్పడి, అనుభవమున్న డాక్టరు కూడా ఒకటికి రెండుసార్లు చూడాల్సిన స్థితికి వస్తుంది. చర్మవైద్యులు దీన్ని టీనియా ఇన్‌కాగ్నిటో అంటారు, మారువేషం వేసిన తామర అన్నమాట.

మన దేశంలో ఈ క్రీములు ఒంటరిగా రావు. ఒకే ట్యూబులో ఒక ఫంగస్ మందు, ఒకటో రెండో యాంటీబయాటిక్‌లు, ఒక గట్టి స్టెరాయిడ్. రోగం ఏమిటో తేల్చుకోనవసరం లేకుండా అన్నిటికీ తలా ఒక గుండు పేల్చడం ఈ మిశ్రమాల తత్వం. పేరు చివర జీఎం, ప్లస్ లాంటి తోకలుంటే ఒకసారి ఆగి, పెట్టె మీద సన్నటి అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవాలి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ వీటిలో ఏది కనిపించినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. క్లోట్రిమజోల్, మికొనజోల్, లులికొనజోల్ లాంటి జోల్‌తో ముగిసేవి, టెర్బినఫిన్ ఫంగస్ మందులు. ముఖ్యంగా క్లోట్రిమజోల్‌ను, క్లోబెటసాల్‌ను తడబడి ఒకటనుకోకూడదు. మొదటిది తామరకు మందు, రెండోది స్టెరాయిడ్లలోకెల్లా అతి బలమైన తరగతికి చెందినది.

పెద్దవాళ్లకన్నా పిల్లలకు ఇది ఎక్కువ ప్రమాదం. వాళ్ల బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, పసివాళ్లలో చర్మం పలచన. రాసిన స్టెరాయిడ్ రక్తంలోకి చేరే పాళ్లు అందుకే పెరుగుతాయి. గజ్జల్లో, చంకల్లో రాస్తే ఇంకా ఎక్కువ. డైపరు కింద రాస్తే ప్లాస్టిక్ కట్టు వేసి లోపలికి ఇంకించినట్టే. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి చారలు పడతాయి, అవి మళ్లీ పోవు. శరీరం స్వయంగా తయారుచేసుకునే కార్టిసాల్ అనే హార్మోను తగ్గిపోవడం, ముఖం ఉబ్బి గుండ్రంగా మారడం, ఎదుగుదల మందగించడం లాంటివి పైపూత మందుల వల్లే వచ్చిన పసిపిల్లల ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే చంటిపిల్లలకు చాలాకాలం గట్టి స్టెరాయిడ్ రాసివుంటే మాన్పించే పద్ధతి కూడా డాక్టరే చెప్పాలి.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ల పైపూత మందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. భారత చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ స్టెరాయిడ్ల దుర్వినియోగం మీద ప్రత్యేక కార్యదళాన్నే పెట్టి ఏళ్లుగా పోరాడుతోంది. కాగితం మీద ఇంత ఉన్నా, కౌంటర్ దగ్గర చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో మనకు తెలిసిందే. షాపువాళ్లను మాత్రమే అనీ లాభం లేదు. రెండు రోజుల్లో తగ్గకపోతే మందు మంచిది కాదనుకునే మన తొందర కూడా ఈ ట్యూబులను బతికిస్తోంది.

అసలు అది తామరేనా?

గుండ్రంగా ఉన్న ప్రతి మచ్చా తామర కాదు. పిల్లల్లో ఎగ్జిమా కూడా బిళ్లలు బిళ్లలుగా వస్తుంది. దానికి మధ్యలో మానిన చర్మం ఉండదు, బిళ్లంతా ఒకేలా పొట్టు కట్టి ఉంటుంది. చిత్రమేమిటంటే ఎగ్జిమాకు స్టెరాయిడే సరైన మందు. ఒకరికి మేలు చేసిన ట్యూబు పక్కింటి పిల్లకు కీడు చేయడం ఇక్కడే మొదలవుతుంది. వేళ్ల సందుల్లో కురుపులు, రాత్రయితే విజృంభించే దురద, ఇంట్లో అందరికీ ఒకేసారి అంటుకోవడం, ఇవి గజ్జి లక్షణాలు. గజ్జి ఫంగస్ కాదు, కంటికి ఆనని పురుగు వల్ల వచ్చేది. దాని మందు వేరు.

ఇక బుగ్గల మీద పాలిపోయిన తెల్ల మచ్చలు. బడి ఈడు పిల్లల్లో ఇవి ఎంత మామూలో, వీటి మీద అపోహలూ అంతే మామూలు. కాల్షియం తక్కువైందని ఒకరు, కడుపులో నులిపురుగులని ఒకరు, ఫంగస్ అని ఇంకొకరు అంటారు. చాలావరకు ఇవి పిటిరియాసిస్ ఆల్బా, అంటే పొడి చర్మం వల్ల వచ్చే తేలికపాటి ఎగ్జిమా. రోజూ తేమనిచ్చే క్రీము రాసి, ఎండ నుంచి కాస్త కాపాడితే నెలల మీద రంగు అదే కలుస్తుంది. ఫంగస్ మందుతో దీనికి ప్రయోజనం లేదు.

శోభి మచ్చలు మాత్రం ఫంగస్సే. మలసీజియా అనే ఈస్టు అందరి చర్మం మీదా ఉంటుంది. చెమట, జిడ్డు ఎక్కువైనప్పుడు పెరిగి సన్నటి పొట్టుతో తెల్లగానో గోధుమ రంగులోనో మచ్చలు వేస్తుంది. చిన్న పిల్లలకన్నా యుక్తవయసు వాళ్లలో ఎక్కువ. కీటొకొనజోల్ లేదా సెలీనియం సల్ఫైడ్ షాంపూ డాక్టరు చెప్పినంతసేపు ఒంటికి పట్టించి కడిగితే ఫంగస్ పోతుంది. చర్మం రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, అంతమాత్రాన మందు పనిచేయలేదనుకుని మార్చనక్కర్లేదు.

అనుమానం ఉన్నప్పుడు తేల్చే పరీక్ష చాలా చవకైనది. వలయం అంచు నుంచి కాస్త పొట్టు గీరి గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తారు. చర్మకణాలు కరిగిపోయి, సన్నటి కొమ్మలు చీలిన ఫంగస్ పోగులు మైక్రోస్కోపులో కనిపిస్తాయి. పెద్ద యంత్రమూ అక్కర్లేదు, రక్తమూ తీయనక్కర్లేదు. రెండు నెలలు ట్యూబులు మార్చిన ఖర్చు కన్నా ఇదే తక్కువ.

ఒంటి మీది తామరకు

ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉన్న కొత్త తామరకు స్టెరాయిడ్ కలవని ఫంగస్ క్రీము చాలు. క్లోట్రిమజోల్, మికొనజోల్, టెర్బినఫిన్ ఇవన్నీ పనికొచ్చేవే. ఏ కంపెనీదన్న దానికన్నా ఎలా రాస్తున్నామన్నది ముఖ్యం. చర్మాన్ని కడిగి, తడి లేకుండా పూర్తిగా ఆరనివ్వాలి. కనిపించే వలయం మీదే కాక, అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా మామూలు చర్మం మీద కూడా రాయాలి, ఫంగస్ అప్పటికే అక్కడికి పాకి ఉంటుంది గనక. బయటి నుంచి లోపలికి రాసుకుంటూ రావాలి. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన క్రీము దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల అరచేతులు రెండింటి మేర చర్మానికి సరిపోతుంది. చిటికెడు తీసి మచ్చ మధ్యలో అద్దితే ఫలితం ఉండదు.

ఎన్నాళ్లు? సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, పైకి పూర్తిగా తగ్గినట్టు కనిపించాక కూడా మరో వారం పది రోజులు. ఫంగస్ ఉన్న మృతకణాల పొర రాలిపోయి అడుగు నుంచి కొత్త పొర పైకి రావడానికి వారాలు పడుతుంది. ఈ లెక్క తెలిస్తే, మొదటి వారంలో దురద పూర్తిగా పోకపోయినా కంగారు పుట్టదు.

ఒళ్లంతా పాకినా, మళ్లీ మళ్లీ వస్తున్నా, స్టెరాయిడ్ వాడి చెడగొట్టుకున్నా నోటి మందులు అవసరమవుతాయి. వాటి మోతాదు పిల్లల బరువును బట్టి లెక్కకట్టేది. అన్నయ్యకు రాసిన మాత్ర సగం విరిచి తమ్ముడికి వేయడం లెక్క కాదు. కీటొకొనజోల్ మాత్ర మాత్రం వద్దు. కాలేయానికి హాని చేస్తుందని 2013లో అమెరికా, యూరప్ ఔషధ నియంత్రణ సంస్థలు దాని వాడకంపై తీవ్ర ఆంక్షలు పెట్టాయి. క్రీముగా, షాంపూగా వాడే కీటొకొనజోల్‌కు ఈ భయం లేదు.

వెల్లుల్లి నూరి కట్టడం, మంట పుట్టించే లోషన్లు రాయడం మన దగ్గర ఇంకా ఉంది. పచ్చి వెల్లుల్లి కట్టు పసి చర్మాన్ని బొబ్బలెక్కేలా కాలుస్తుంది. కాలిన చోట బాక్టీరియా చేరితే ఒక రోగం రెండవుతుంది. పాత మందుల్లో గౌరవంగా నిలిచింది విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్. 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం సాలిసిలిక్ ఆమ్లం కలిసిన ఈ మందు పుట్టి నూరేళ్లు దాటింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చాలాకాలం ఉండేది. మెత్తని చర్మం ఉన్నచోట, చంటిపిల్లలకు మాత్రం ఇదీ మంటే.

తలలో వచ్చిందంటే లెక్క వేరు

పిల్లల తలలో పొట్టు రాలుతుంటే చుండ్రు అనుకుని షాంపూ మారుస్తాం. కానీ చంటితనం దాటాక, యుక్తవయసు రాకముందు నిజమైన చుండ్రు అరుదు. ఆరేళ్ల పిల్ల తలలో పొలుసులు, అక్కడక్కడా జుట్టు పలచబడటం కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది తల తామరను. జుట్టు ఊడి ఖాళీ అయిన చోటును పేనుకొరుకుడు అనుకోవడం ఇంకో పొరపాటు. పేనుకొరుకుడులో చర్మం నున్నగా, శుభ్రంగా ఉంటుంది. తామరలో పొట్టు ఉంటుంది, వెంట్రుకలు మొదట్లోనే విరిగి నల్లటి చుక్కల్లా మిగులుతాయి. మెడ వెనక లింఫ్ గ్రంథులు ఉబ్బి బిళ్లల్లా చేతికి తగలవచ్చు.

దీనికి క్రీము ఎంత రాసినా లాభం లేదు. ఫంగస్ వెంట్రుక కుదుటిలోకి, మనదేశంలో ఎక్కువగా కనిపించే ట్రైకోఫైటాన్ వయలేసియం అనే రకం అయితే ఏకంగా వెంట్రుక కాడ లోపలికి చొరబడుతుంది. అక్కడికి పైపూత చేరదు. నోటి మందు రక్తంలో కలిసి, పెరుగుతున్న వెంట్రుకలోకి చేరాల్సిందే. ఎప్పటి నుంచో వాడుతున్నది గ్రైసియోఫల్విన్. 1939లో ఒక పెనిసిలియం బూజు నుంచి దీన్ని వేరుచేశారు. 1950ల చివర్లో నోటి మందుగా వాడకంలోకి వచ్చింది. అంతకు ముందు ఏం చేసేవారో తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. జుట్టు రాలగొట్టడానికి పిల్లల తలలకు ఎక్స్‌రేలు పట్టేవారు. ఇజ్రాయెల్‌లో అలా చికిత్స పొందిన వేల మంది పిల్లల్లో పెద్దయ్యాక మెదడు కణుతులు, థైరాయిడ్ క్యాన్సర్లు ఎక్కువగా వచ్చినట్టు తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

గ్రైసియోఫల్విన్ ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడాలి. కొవ్వు ఉంటేనే ఒంటికి బాగా పడుతుంది కాబట్టి పాలతోనో, నెయ్యి వేసిన అన్నం తిన్నాకో ఇవ్వాలి. ట్రైకోఫైటాన్ రకాలకు టెర్బినఫిన్ మాత్రలు నాలుగు వారాల్లో పని పూర్తిచేస్తాయి. పిల్లుల నుంచి, కుక్కపిల్లల నుంచి అంటుకునే మైక్రోస్పోరం కేనిస్ అనే రకానికి గ్రైసియోఫల్వినే మెరుగు. వీధి పిల్లిని ఒళ్లో పెట్టుకుని ఆడించే పిల్లలున్న ఇంట్లో ఆ సంగతి డాక్టరు అడగకపోయినా చెప్పడం మంచిది. మాత్రలతో పాటు వారానికి రెండుసార్లు కీటొకొనజోల్ షాంపూ వాడమంటారు. అది రోగాన్ని నయం చేయదు, రాలే ఫంగస్ బీజాలను తగ్గించి మిగతా పిల్లలను కాపాడుతుంది. గుండు కొట్టించాల్సిన పనేమీ లేదు. పొట్టున్న తల మీద వాడిన మంగలి కత్తి మరొకరి తలకు రోగం మోసుకెళ్లగలదు కూడా.

కొందరు పిల్లల్లో తల మీద మెత్తగా, చీము కారుతూ పెద్ద గడ్డలా ఉబ్బుతుంది. దీన్ని కెరియాన్ అంటారు. చీముగడ్డ అనుకుని కోయించడం ఇక్కడ జరిగే అతి పెద్ద తప్పు. అది ఫంగస్ మీద శరీరం చూపిన అతి తీవ్రమైన ప్రతిస్పందన. కోస్తే మచ్చ తప్ప మిగిలేది లేదు. ఆలస్యం చేస్తే ఆ చోట జుట్టు శాశ్వతంగా పోవచ్చు, కాబట్టి మాత్రలు త్వరగా మొదలుపెట్టాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకు చెవుల వెనక, ఒంటి మీద చిన్న చిన్న పొక్కులు లేస్తే మందు పడలేదని వెంటనే ఆపేస్తారు. చాలాసార్లు అది చచ్చిన ఫంగస్‌కు శరీరం చూపే స్పందన. డాక్టరుకు చూపించి నిర్ధారించుకోవాలి, సొంతంగా ఆపకూడదు. చికిత్స మొదలైన పిల్లలను బడి మాన్పించి నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు.

చంటిపిల్లల్లో కథ కాండిడా అనే ఈస్టుది. మామూలు డైపర్ ఒరుపు ఉబ్బిన భాగాల మీద ఉండి, ముడతల్ని వదిలేస్తుంది. కాండిడా ముడతల్లోనే ముదురు ఎరుపుగా కూర్చుని, చుట్టూ చిన్న చిన్న ఎర్ర పొక్కులు చల్లుతుంది. నిస్టాటిన్ లేదా క్లోట్రిమజోల్ క్రీము, పైన జింక్ ఆక్సైడ్ పూత, తరచుగా డైపరు మార్చడం, రోజులో కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదిలేయడం. అంతే. నోట్లో తెల్లటి పూత పాలదైతే తుడిస్తే వస్తుంది, కాండిడా అయితే అంటుకుని ఉండి, గీరితే కింద ఎర్రగా కనిపిస్తుంది. తల్లికి చనుమొనల దగ్గర మంట, నొప్పి ఉంటే ఇద్దరికీ ఒకేసారి చికిత్స చేయాలి, లేకపోతే రోగం వాళ్లిద్దరి మధ్య తిరుగుతుంది. మికొనజోల్ నోటి జెల్ జిగురుగా ఉంటుంది, నాలుగు నెలల లోపు బిడ్డ గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

ఇంట్లో దాక్కునే చోట్లు

మందు సరిగా వాడినా తిరగబెడుతుంటే పిల్లాడి మొలతాడు చూడండి. స్నానం చేసినా అది ఆరదు, ఏళ్ల తరబడి మారదు, నడుము చుట్టూ తామర సరిగ్గా దాని వెంటే నడుస్తుంది. మెడలో తాయత్తు దారం, ముంజేతి దారాలు కూడా ఇంతే. నమ్మకం ఉంటే చికిత్స ముగిశాక కొత్తది కట్టుకోవచ్చు, ఈలోగా తీసేయాలి. లోదుస్తులు నూలువి, వదులువి కావాలి. వానాకాలంలో సగం ఆరిన యూనిఫాం తొడిగి పంపడం కన్నా ఇస్త్రీ చేసి పూర్తిగా ఆరబెట్టడం నయం. రోగి బట్టలు, తువ్వాలు వేడినీళ్లలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి.

ఇంట్లో తామర ఉన్నవాళ్లందరికీ ఒకేసారి చికిత్స జరగాలి. చెప్పడానికి సిగ్గుపడి గజ్జల్లో తామర దాచుకున్న నాన్న ఉన్నంతకాలం పిల్లకు తగ్గదు. చిన్న పిల్లలకు ఎక్కువగా ఇది ఇంటి పెద్దల నుంచే వస్తుంది. వసతి గృహాల్లో తువ్వాళ్లు, దుప్పట్లు, పరుపులు కలిసిపోయే చోట ఒక్కరికి మందిచ్చి ఊరుకుంటే ఆ మందు వృథా. గది మొత్తాన్ని పరీక్షించాలి.

గత పదేళ్లకు పైగా భారతదేశంలో తామర మొండిగా మారిన మాట చర్మవైద్యులందరూ చెబుతున్నదే. కారణమైన రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. వీటిలో చాలావాటికి టెర్బినఫిన్ పనిచేయదు. ఆ మందు అడ్డుకోవాల్సిన స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ ఎంజైములో మార్పు రావడం వల్ల మందుకు పట్టు దొరకదు. అందుకే డాక్టర్లు ఇప్పుడు ఇట్రాకొనజోల్ వైపు ఎక్కువగా మొగ్గుతున్నారు, వారాల్లో అయ్యే చికిత్స కొన్నిసార్లు నెలలకు సాగుతోంది. అరకొర మోతాదులు, మధ్యలో ఆపేసిన మందులు, స్టెరాయిడ్ మిశ్రమాలు ఈ పరిస్థితికి దోహదం చేశాయన్నది నిపుణుల అంచనా.

ఈ ఫంగస్ ప్రయాణాలు చేస్తుంది. న్యూయార్క్‌లో గుర్తించిన, అమెరికాలోనే తొలి రెండు కేసులను అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2023లో ప్రకటించింది. సెలవులకు హైదరాబాదో విజయవాడో వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ పక్కన నాలుగు ట్యూబులు సర్దుకునే తెలుగు కుటుంబాలకు ఇది పనికొచ్చే కబురు. అక్కడి పిల్లల డాక్టరుకు ఈ రకం కొత్త కావచ్చు, ఆ ట్యూబులో ఏముందో తెలియకపోవచ్చు. పాప ఇటీవల ఇండియా వెళ్లొచ్చిందని, ఇంట్లో ఇంకెవరికి ఉందని, ఏ క్రీము ఎన్ని వారాలు రాశారని అడగకముందే చెప్పి, ట్యూబు పెట్టె ఫొటో చూపించాలి. మామూలు టెర్బినఫిన్‌కు లొంగకపోతే ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపాలన్న ఆలోచన ఆయనకు వచ్చేది ఆ వివరాలతోనే.